నల్ల క్యాసెట్

మా మొహల్లా క్యాసెట్ల దుకాణంలో ఖవ్వాలీల పక్కనే ఓ నల్ల క్యాసెట్ ఉండేది. అట్ట మీద చుట్టుకున్న పాము. 1991లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ అది. "విను బేటా, నచ్చకపోతే వాపస్ ఇచ్చెయ్" అన్నాడు దుకాణం చాచా. ఉర్దూ మీడియం పిల్లాణ్ని, ఇంగ్లీషు లఫ్జ్ ఒక్కటీ అర్థం కాలేదు. అందులోని గుస్సా మాత్రం అర్థమైంది.

పాము బొమ్మ చూసి అబ్బాజాన్ "శైతానీ చీజ్" అంటూ టేపంతా బయటికి లాగేశారు. ఆయన లేత్ మిషన్ మీద పనిచేసేవారు. ఓ వేలు ఆ మిషన్‌కే పోయింది.

హెవీ మెటల్‌కు పునాది వేసిన బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కూడా బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ మజ్దూరే. మిషన్‌లో రెండు వేళ్ల కొసలు తెగిపోతే, ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని మళ్లీ గిటార్ పట్టాడు.

ఈ సంగతి నాకు తెలిసేసరికి అబ్బాజాన్ లేరు. ముందే తెలిసుంటే ఆయన పక్కన కూర్చుని చెప్పేవాణ్ని.

సంగీతం జాయజా కాదా అన్న బహస్ ఉలమాలకే వదిలేస్తాను. నేననేది ఒకటే. పిల్లల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసే ముందు, ఒకటి మీ చెవిలో పెట్టుకోండి. అందులో వాళ్లకేం వినిపిస్తోందో అడగండి.