తెలిసినదాన్ని దాచే విద్య: తెలుగు గళ్ళనుడికట్టులో ‘లోకజ్ఞానం’ ఎవరిది?

పత్రికల్లో వారం వారం వెలువడే గళ్ళనుడికట్టును తెలుగు సాహిత్య పరిశోధన కాలక్షేపం కింద జమకట్టి పక్కన పెట్టింది. ఈ నిర్లక్ష్యం సమంజసం కాదు. ఒక భాషాసమాజంలో ‘అందరికీ తెలిసినది’ ఏది, ‘తెలియకపోతే చిన్నతనం’ ఏది అన్న తీర్పును ఇంత బాహాటంగా ప్రకటించే రచన మరొకటి లేదు. ఆధారం రాసే ప్రతి కూర్పరీ పాఠకునికి ఏమి తెలిసి ఉండాలో నిర్ణయిస్తున్నాడు. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రహేళిక, పొడుపుకథ, ప్రశ్నపత్రం

ఆధునిక గళ్ళనుడికట్టు పుట్టిన తేదీ స్పష్టంగా తెలుసు. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ వజ్రాకారంలో కూర్చిన పదక్రీడతో అది మొదలైంది. తెలుగులో ఈ ప్రక్రియకు సాహిత్యగౌరవం తెచ్చినవారు కవులే. శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’, ఆరుద్ర ‘గళ్ళనుడికట్టు’ పాఠకలోకానికి చిరపరిచితాలు. ‘ప్రహేళిక’ అన్న పేరులోనే ఒక వంశవృక్షం ఉంది. దండి ‘కావ్యాదర్శం’ మూడవ పరిచ్ఛేదంలో 16 విధాల ప్రహేళికలను వివరించి, వాటికి మూడు ప్రయోజనాలు చెప్పాడు: గోష్ఠులలో వినోదం, పదిమందిలో ఉండగా రహస్యంగా మాట్లాడుకోవడం, ఎదుటివారిని తికమక పెట్టడం. మొదటి రెండింటికీ ఇరుపక్షాలూ పంచుకొనే జ్ఞానం కావాలి. మూడవదానికి అక్కరలేదు.

పొడుపుకథ సంగతి ఇంకా స్పష్టం. దాని విడుపు ఎప్పుడూ వినేవాని ఇంట్లోనో, పెరట్లోనో, పొలంలోనో ఉంటుంది. రోకలి తెలియనివాణ్ణి రోకలి గురించిన పొడుపుకథ అడగరు. వస్తువు అందరికీ తెలిసిందే. దారి మాత్రమే దాచబడింది. తెలిసినదాన్ని దాచడం పొడుపు. తెలియనిదాన్ని అడగడం పరీక్ష. ‘ఫలానా చిత్రానికి సంగీత దర్శకుడు’, ‘ఫలానా దేశ రాజధాని’ వంటి ఆధారాలు రెండవ కోవకు చెందుతాయి. వాటికి జవాబు తెలిసి ఉంటుంది, లేదా తెలియదు. ఆలోచనకు అక్కడ పని లేదు. చేతిలో ఫోనున్నవాడు రెప్పపాటులో ఆ గడిని నింపగలడు. ప్రహేళిక పేరు పెట్టుకొని ప్రశ్నపత్రంగా మారడమే నేటి గళ్ళనుడికట్టుకు పట్టిన మొదటి తెగులు.

దాచేపల్లి ఒక ఆధారంగా

పల్నాడు జిల్లా దాచేపల్లి పేరును ఉదాహరణగా తీసుకొని ఈ భేదాన్ని పరీక్షించవచ్చు. గళ్ళలో అది నాలుగక్షరాల మాట. ‘పల్నాడులో ఒక ఊరు (4)’ అంటే అది భూగోళ పరీక్ష. ‘పల్నాటిలో దాచే వేరుసెనగ (4)’ అంటే అది ప్రహేళిక. సగం జవాబు ఆధారంలోనే బహిరంగంగా కూర్చొని ఉంది. మిగతా సగం పర్యాయపదంలో దాగింది. ఇది ఊరిపేరుకు వ్యుత్పత్తి కాదు, మాటతో ఆట మాత్రమే. అయినా అందులో ఒక మాండలిక సత్యం ఉంది. కృష్ణకు అవతల తెలంగాణలో వేరుసెనగ ‘పల్లి’. ఇవతల గుంటూరు సీమలో ఆ మాట అందరికీ అర్థమవుతుంది గాని, ఇంటిమాట వేరుసెనగే. కృష్ణకు ఇరువైపులా ఉన్న వ్యవహారాలను ఒక్క ఆధారం కలిపి పలికించగలిగింది. ఊరిని ఎన్నడూ చూడనివాడు కూడా తర్కంతో అక్కడికి చేరగలడు.

ఇప్పుడున్న గళ్ళలో పల్నాడు లేదా? ఉంది. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కారెంపూడి, చాపకూడు తరచుగా ఆధారాలుగా వచ్చే మాటలే. 12వ శతాబ్దపు యుద్ధం లోకజ్ఞానంలో చేరింది. అదే నేలమీద నేడు పత్తి తీసే, మిరపకాయ కోసే మనుషుల మాటలు చేరలేదు. మిరప ఎండే కల్లం, రంగు పోయి వేరుపడే తాలు, ముచ్చికకు అంటిన తొడిమ, యార్డుకు చేరే టిక్కీ, పత్తిచేలో పూతకు ముందు కనిపించే గూడ, వడకడానికి సిద్ధమైన ఏకు: ఇవన్నీ నిత్యవ్యవహారంలో ఉన్న తెలుగు మాటలు. గళ్ళలో ఇవి అరుదు. ఎప్పుడైనా వచ్చినా ‘మాండలికం’ అన్న తోకతో వస్తాయి. ఏనుగుకు కరి, దంతి, సామజం, భూమికి ఇల, ధర, అవని, పాముకు అహి, ఫణి, తుమ్మెదకు అలి. వీటికి ఏ తోకా ఉండదు. ఎవరి నోటా పలకని ‘అలి’ ప్రమాణమై, వేలమంది నోట పలికే ‘తాలు’ మినహాయింపు కావడాన్ని అలవాటు తప్ప మరేదీ సమర్థించదు.

గడి నిర్మాణం సాకు కాదు

ఈ పక్షపాతానికి నిర్మాణపరమైన కారణం ఒకటి ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఇంగ్లీషు గడిలో ఒక లిపిచిహ్నం ఉంటే తెలుగు గడిలో అక్షరం ఉంటుంది. ‘స్త్రీ’ ఒక్క గడిలో ఇముడుతుంది. అడ్డం, నిలువు మాటలు కలిసేచోట హల్లు, అచ్చు, ఒత్తు అన్నీ ఏకకాలంలో సరిపోవాలి. కరి, గిరి, హరి వంటి తేలిక అక్షరాల తత్సమాలు ఈ కూడలికి సులువుగా లొంగుతాయి. దేశ్యపదాల్లో ద్విత్వాలు ఎక్కువ. ‘పత్తి’లోని ‘త్తి’తో నిలువు మాటను మొదలుపెట్టడం సాధ్యం కాదు. గడి నిండక అవస్థపడే కూర్పరి చేయి సహజంగానే అమరకోశం వైపు సాగుతుంది.

అయితే కష్టం వేరు, అసాధ్యం వేరు. ‘త్తి’ మాట మొదట నిలవకపోయినా చివర నిలుస్తుంది. అడ్డం ‘పత్తి’, నిలువు ‘కత్తి’ ఒకే గడిలో ముగియవచ్చు. ‘కల్లం’లోని ‘ల్లం’ మీదికి ‘అల్లం’ గాని ‘బెల్లం’ గాని దిగివస్తుంది. ‘దాచేపల్లి’ చివరి గడిని తల్లి, చెల్లి, మల్లి పంచుకుంటాయి. గళ్ళ నల్లదనాన్ని ఈ అవసరానికి తగినట్లు అమర్చుకోవడమే కూర్పరి నేర్పు. నేర్పు చూపవలసినచోట నిఘంటువు చూపడం రెండవ తెగులు.

రెండు ఆక్షేపణలు

ఒక ప్రాంతపు మాటను మరో ప్రాంతపు పాఠకుణ్ణి అడగడం అన్యాయమన్నది మొదటి ఆక్షేపణ. న్యాయాన్యాయాలు మాటలో లేవు, ఆధారంలో ఉన్నాయి. ‘కలంలో లకారానికి ఒత్తిస్తే మిరప ఎండే చోటు (2)’ అన్న ఆధారం శ్రీకాకుళం పాఠకునికీ, నిజామాబాదు పాఠకునికీ సమానంగా దారి చూపుతుంది. ‘కళ్ళం’ అని రాసే అలవాటున్నవారిని లకారపు సూచనా, ‘అల్లం’తో కూడలీ సరిదిద్దుతాయి. ‘మేకులో హల్లు ఊడితే వడకడానికి పనికొచ్చేది (2)’ అంటే, ఏకు మేకు కావడం విన్న ప్రతివాడూ చేరగలడు. మాట తెలియనివానికి ఇక్కడ ఒక మాట దక్కుతుంది. ‘తుమ్మెద (2)’ అన్న ఆధారంలో జ్ఞాపకం తప్ప మరేదీ పనిచేయదు.

గళ్ళనుడికట్టు వల్లనే సామాన్య పాఠకునికి ప్రాచీన పదసంపద అందుతున్నదన్నది రెండవ ఆక్షేపణ. ఇది నిజం. బడి మధ్యలో మానేసిన ఎందరికో పర్యాయపదాలు నేర్పిన బడి ఈ గళ్ళే. ఆ సేవను తగ్గించి మాట్లాడనక్కరలేదు. తత్సమాలను వెలివేయాలన్నది కూడా ఇక్కడి వాదం కాదు. అన్నదానంలో ఒకే వంటకం వడ్డించి, మిగిలినవి అన్నమే కావనడం మీదనే అభ్యంతరం. దాచేపల్లి చేలనుంచి తెలుగు శాఖకు చదువుకు వచ్చే విద్యార్థి తన ఇంట్లో నేర్చిన వందల మాటలు ఏ గడిలోనూ కనబడకపోతే, అవి తెలుగే కావేమోనని అనుమానపడతాడు. ఆ అనుమానాన్ని పాఠ్యపుస్తకం కంటే చప్పుడు లేకుండా నాటేది ఈ వినోదమే.

విశ్వవిద్యాలయాల బాధ్యత

మాటలు దొరకవన్న సాకు కూడా నిలవదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో, రెండవ సంపుటాన్ని చేనేత పదాలతో 1971లో ప్రచురించింది. ఊరూరా తిరిగి సేకరించిన ఆ సంపద గ్రంథాలయపు బీరువాల్లో ఉంది. పాఠకుని నోటికి చేరే దారి లేదు. ఆ దారి గళ్ళనుడికట్టు కాగలదు. పదకోశం మాటను భద్రపరుస్తుంది. ప్రహేళిక దాన్ని మళ్ళీ పలికిస్తుంది.

అందువల్ల తెలుగు శాఖలు మూడు పనులు తలపెట్టాలి. పత్రికల గళ్ళను సేకరించి, ఏ మాటలు ఎన్నిసార్లు, ఎటువంటి ఆధారాలతో వస్తున్నాయో లెక్కగట్టాలి. అడిగే ఆధారాన్నీ దాచే ఆధారాన్నీ వేరుచేసే లక్షణచర్చ చేయాలి. ప్రహేళికా భేదాలను దండి వివరించిన శ్రద్ధ ఇక్కడా అవసరం. విద్యార్థుల చేత వారి వారి ఊళ్ళ మాటలతో గళ్ళు కూర్పించాలి. మిరప తేమకు చెడకుండా ఎలా ఎండుతుందో తెలిసినవాడే కల్లానికి మంచి ఆధారం రాయగలడు.

గళ్ళనుడికట్టులో నల్లగళ్ళు మాట రానిచోట్లు. ఏ మాట రాకూడదో కూర్పరి ముందే నిర్ణయించుకున్న చోట్లు కూడా ఉన్నాయి; అవి తెల్లగా కనబడతాయి గనుక ఇంతకాలం ఎవరి దృష్టికీ రాలేదు. కల్లం, తాలు, ఏకు రావలసిన గళ్ళు అవే.