మ్యాప్ గీశాక కాదు, గీసే ముందు అడగండి

2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒకేరోజు జిల్లా కేంద్రాలయ్యాయి. మొదటి ముసాయిదాలో జనగామ పేరు లేదు. జనం రోడ్డెక్కి సాధించుకున్నారు. జిల్లా కావాలని అంత గట్టిగా చెప్పిన ఊరికి, ఆ ఊరు ఎటు పెరగాలి, ఎంత ఎత్తు పెరగాలి అని చెప్పే హక్కు కూడా ఉండాలి కదా?

అడగకుండా గీస్తే ఏమవుతుందో మనం చూశాం. 2022లో ఔటర్ రింగ్ రోడ్డు పేరుతో కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ ల్యాండ్ పూలింగ్‌కి దిగింది. వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాల్లో 27 గ్రామాలు, 21 వేలకు పైగా ఎకరాలు. రైతులు తిరగబడ్డారు, వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో కామారెడ్డి వంతు. డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్‌లో చుట్టుపక్కల పంట పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయి. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ నెలలోనే కౌన్సిల్ ప్లాన్ రద్దుకు తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ అంతే.

రెండు కథల్లోనూ జనం మాట చివరికి విన్నారు. కాకపోతే ధర్నా అయ్యాక. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి పంపి, క్రాష్ అయ్యాక రోల్‌బ్యాక్ చేయడం. యాప్ అయితే నవ్వుకుని వదిలేస్తాం. ఇక్కడ పోయేది పొలం, ప్రాణం.

అలాగని నేను అపార్ట్‌మెంట్లకి వ్యతిరేకం కాదు. టౌన్‌కి వచ్చేవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి. పైకి కట్టకపోతే పక్కకి కట్టాలి, పక్కకి అంటే పొలాల్లోకే. 2020లో ఎల్ఆర్ఎస్ పెడితే రాష్ట్రంలో సుమారు 25 లక్షల అప్లికేషన్లు వచ్చాయి. పర్మిషన్ లేని వెంచర్లు ఎంతగా పాకాయో దాన్నిబట్టే అర్థమవుతుంది.

మరి ఎత్తు సంగతి? ప్లాట్ సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి రూల్స్ ఉన్నాయి. ఆ గల్లీ డ్రైనేజీ ఇంకెన్ని కుటుంబాలని మోస్తుందో గల్లీ వాళ్లకే తెలుసు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్‌తో 75 గజాల లోపు ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, 600 గజాల వరకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వెంటనే వచ్చేస్తుంది. లంచాల బాధ తగ్గితే మంచిదే. కానీ ఒక్కో ఇంటి దగ్గర ఆగి అడిగే టైం ఇక ఉండదు. కాబట్టి ప్లాన్ దశలోనే అడగాలి.

"అందర్నీ అడుగుతూ కూర్చుంటే పనవుతుందా?" అంటారు. కొంత నిజమే. పైగా మీటింగ్‌కి వచ్చేది ఎక్కువగా సొంతిల్లు ఉన్నవాళ్లే. మానుకోటలో కిరాయికుండేవాళ్లు, భూపాలపల్లికి బొగ్గు పనుల కోసం వచ్చినవాళ్లు రారు. "మా వాడలో అపార్ట్‌మెంట్ వద్దు" అనే గొంతే గట్టిగా వినిపిస్తుంది.

దీనికి దారి చట్టంలోనే ఉంది. రాజ్యాంగం ప్రకారం వార్డు కమిటీలు తప్పనిసరి అయ్యేది 3 లక్షల జనాభా దాటిన నగరాలకే. మన టౌన్లు అంత పెద్దవి కావు. కానీ 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రతి వార్డుకి నాలుగు కమిటీలు పెట్టమంది: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కో దాంట్లో 15 మంది. అంటే వార్డుకి 60 మంది. మొక్కలు నాటే రోజు ఫోటోకే కాకుండా, డ్రాఫ్ట్ మ్యాప్ కూడా ముందు వీళ్ల ముందు పెట్టాలి. సర్వే నంబర్లతో, తెలుగులో, ఏ రంగు అంటే ఏంటో చెప్పి. కిరాయిదారులకీ చోటివ్వాలి. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి. దీనికి నెలలు పట్టినా, రద్దయిన ప్లాన్ మళ్లీ గీయడం కన్నా చౌకే.

సెలవులకి ఊరెళ్తే మున్సిపల్ ఆఫీస్‌లో రెండు ప్రశ్నలు అడగండి. మా వార్డు యూత్ కమిటీలో ఎవరున్నారు? మా టౌన్ మాస్టర్ ప్లాన్ కాపీ ఎక్కడ చూడొచ్చు? జవాబు రాకపోతే ఆర్టీఐ ఉంది, ఫీజు పది రూపాయలే.