చిక్కి ఉండాలి, ఆ బిడ్డకూ తిండి ఉండాలి

మన సర్కారు బళ్ళలో మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి 5 రోజులు కోడిగుడ్డు, 3 రోజులు వేరుశెనగ చిక్కి ఇస్తున్నారు. నెల్లూరు తీరం ఇసుక నేలల్లో చెనక్కాయ పండించే మనకు ఇది ఇష్టమైన పథకం. పిల్లలకు బలమైన తిండి. దీన్ని తగ్గిస్తామంటే మనం ఒప్పుకోము.

అయితే కొద్దిమంది పిల్లలకు వేరుశెనగ గానీ గుడ్డు గానీ అసలు పడదు. అది దద్దుర్లతో పోయేది కాకపోవచ్చు. ముదిరితే నాలుక వాచి, గొంతు పూడుకుపోయి, రక్తపోటు పడిపోయి నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు అవిల్ మాత్ర చాలదు, తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ వెయ్యాలి. జువ్వలదిన్నె లాంటి తీర గ్రామం నుంచి కావలి ఆసుపత్రికి చేరేదాకా ఆగే ఆపద కాదది.

"వాడి చిక్కి వాడు తినకుంటే సరి" అంటే చాలదు. పల్లీలు పచ్చడిలోనూ ఉంటాయి, పులిహోరలోనూ ఉంటాయి. "ఇంటి నుంచి తెచ్చుకో" అనడమూ న్యాయం కాదు. 2013 ఆహార భద్రత చట్టం బడి భోజనాన్ని పిల్లల హక్కు చేసింది. పొద్దున్నే కూలికి పోయే తల్లి బిడ్డకు ఆ హక్కు పోకూడదు.

ఇది చెయ్యలేని పనేమీ కాదు. పక్కనున్న కర్ణాటకలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తున్నారు. బ్రిటన్‌లో 2017 నుంచి బళ్ళు అడ్రినలిన్ ఇంజెక్షన్లు దగ్గర ఉంచుకోవచ్చు.

మనం అడిగేవి మూడు. ఒకటి, బడిలో చేర్చేటప్పుడే ఏది పడదో అడిగి రాసుకోవాలి, వంటమ్మలకు చెప్పాలి. రెండు, ఆ బిడ్డకు వేరే గరిటె, వేరే గిన్నె, చిక్కికి బదులు సాటి బలమున్న తిండి ఇవ్వాలి. దాని ఖర్చు ప్రభుత్వమే భరించాలి, వంటమ్మల మీద వెయ్యకూడదు. మూడు, ఆపద వేళ ఏం చెయ్యాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు రాసివ్వాలి. టీచర్లకు నేర్పించి, మందు అందుబాటులో ఉంచాలి.

విద్యా హక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, అంటే మనమే. వచ్చే సమావేశంలో ఈ మాట లేవనెత్తి, తీర్మానం రాయించండి. ఒక్క బిడ్డ ఉన్నా రాయించండి.