స్వప్నను బ్రతకనిద్దాం

చెన్నైలో మా తెలుగు యువజన కూడికలో ఒక సాయంత్రం సినిమాల మీదికి మాట మళ్లింది. మీకు బాగా నచ్చిన హీరోయిన్ ఎవరని అడిగాం. ఈ మధ్య వచ్చిన సినిమాల పేర్లే వినబడ్డాయి. వెనక వరుసలోంచి ఒక కాలేజీ అమ్మాయి మాత్రం "మరోచరిత్రలో సరిత, అయ్యగారూ" అంది. అమ్మమ్మతో కలిసి ఫోన్‌లో చూసిందట. ఇద్దరూ ఏడ్చారట.

1978లో కె. బాలచందర్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా అది. విశాఖ తీరంలో తమిళ కుర్రాడు బాలు, పక్కింటి తెలుగు పిల్ల స్వప్న. కమల్ హాసన్ అప్పటికే తెలిసిన నటుడు. సరితకు అదే మొదటి సినిమా. తమిళంలోకి మార్చకుండానే మద్రాసు మౌంట్ రోడ్డులోని సఫైర్ థియేటర్లో 596 రోజులు ఆడింది. తెలుగు రానివాళ్లు కూడా తెలుగులోనే చూశారు. 1981లో అదే కథ 'ఏక్ దూజే కే లియే'గా హిందీవాళ్లను ఏడిపించింది. ఇప్పుడు సఫైర్ లేదు. స్వప్న మాత్రం ఉంది.

ఎందుకుంది? ఆమె మన ఇంటి పిల్లలా ఉంటుంది. నల్లని మొహం, పెద్ద కళ్లు, మామూలు బట్టలు. ఆమె తిరుగుబాటు కూడా ఇంటి నాలుగు గోడల మధ్యే సాగుతుంది. ప్రియుడి ఫొటోను కాల్చేస్తే ఆ బూడిదను కాఫీలో కలుపుకుని తాగేస్తుంది. పెద్ద ఉపన్యాసాలేమీ ఇవ్వదు. నోరెత్తే హక్కు లేని ప్రతి ఆడపిల్లా ఆ కాఫీ గ్లాసులో తన మాటను తాను చూసుకుంది.

అయితే మమ్మల్ని చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఒకటుంది. ఆ సినిమాను అన్ని రోజులు చూసి ఏడ్చిన తల్లిదండ్రులు ఇంటికెళ్లి ఏం చేశారు? చాలామంది కూతురి పుస్తకాల సంచి వెతికారు. ఎదిరించే పిల్లను మనం ప్రేమిస్తాం, కానీ చివర్లో ఆమె చచ్చిపోతేనే. స్వప్న, బాలు సముద్రంలో కలిసిపోయారు కాబట్టి వాళ్లను క్షమించడం మనకు తేలికైంది. బ్రతికి, పెళ్లి చేసుకుని, ఆదివారం గుడి మెట్ల మీద ఎదురైతే పలకరిస్తామా?

బ్రతికిన స్వప్నలు మన పక్కనే ఉన్నారు. 2016 మార్చి 13న ఉడుమలపేట బస్టాండు దగ్గర, పట్టపగలు, శంకర్ అనే దళిత విద్యార్థిని నరికి చంపారు. అతని భార్య కౌసల్యకు అప్పుడు 19 ఏళ్లు. తానూ కత్తిపోట్లు తిని, కోలుకుని, కన్నతల్లిదండ్రులకు వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పింది. 2020లో మద్రాసు హైకోర్టు ఆమె తండ్రిని విడుదల చేసింది, ఐదుగురి మరణశిక్షను యావజ్జీవంగా మార్చింది. ఆమె ఆగిపోలేదు, కుల నిర్మూలన కోసం పనిచేస్తోంది. ఆమె కథకు పాటలూ లేవు, సముద్రమూ లేదు.

ఇది తమిళుల గొడవ అని మన తెలుగువారం తప్పుకోలేం. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే హత్యకు గురైన ప్రణయ్ దళిత క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కోర్టు తన తీర్పు చెప్పింది. సంఘం తన తీర్పు ఇంకా చెప్పలేదు.

ఎందుకంటే కులం మన బల్ల దగ్గర కూడా కూర్చుని ఉంది. ఒకే పాత్రలోది తాగుతాం, సంబంధాల దగ్గరికొచ్చేసరికి "మనవాళ్లేనా?" అని అడుగుతాం. మోషే కూషుదేశపు స్త్రీని పెండ్లి చేసుకున్నాడని మిర్యాము, అహరోనులు సణిగారు. సంఖ్యాకాండము 12వ అధ్యాయం చదవండి. దేవుని కోపం ఎవరిమీద రగిలింది? పెండ్లి చేసుకున్నవాడిమీద కాదు, సణిగినవారిమీద. రిబ్కాను పంపేముందు కూడా ఆమె నోటితోనే ఆమె ఇష్టాన్ని అడిగి తెలుసుకున్నారు. మనం అడుగుతున్నామా?

మేమూ నిర్దోషులం కాము. కొన్నేళ్ల క్రితం ఒక జంట మా దగ్గరకొచ్చింది. ఇద్దరూ మేజర్లు, ఇద్దరూ విశ్వాసులు, కులాలు వేరు. "పెద్దలను ఒప్పించుకుని రండి" అని పంపేశాం. పెద్దమనుషుల మాటకు భయపడ్డాం. వాళ్లు మళ్లీ రాలేదు. ఆ మాట ఇప్పటికీ మా గొంతులో ముల్లులా ఉంది.

యువతీయువకులారా, స్వప్న ధైర్యం తీసుకోండి, ఆమె ముగింపు వద్దు. ఏ ప్రేమా మీ ప్రాణం అడగకూడదు. అలాంటి ఆలోచన వస్తే, ఎంత రాత్రయినా సరే, నమ్మినవారి తలుపు తట్టండి. పద్దెనిమిది నిండకముందు పారిపోవడం ధైర్యం కాదు. పోక్సో చట్టం కింద ఆ కుర్రాడు జైలుకెళ్తాడు, పిల్ల చదువు ఆగిపోతుంది. చదువుకోండి, సంపాదించుకోండి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మీకు దారి ఇస్తుంది. ప్రాణభయం ఉన్న జంటలకు రక్షణ కల్పించాలని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాలను ఆదేశించింది. అడగడం మీ హక్కు.

తల్లిదండ్రులారా, పిల్ల ఎదురు మాట్లాడిందంటే ఇంకా మీతో మాట్లాడాలనుకుంటోందని అర్థం. మాట ఆగిపోయిన ఇల్లే ప్రమాదం.

ఆ రోజు కూడిక ముగిశాక ఆ అమ్మాయి మా దగ్గరకొచ్చి, "అయ్యగారూ, స్వప్న, బాలు మన గుడికొస్తే మీరు పెళ్లి చేస్తారా?" అని అడిగింది. ఈసారి పెద్దలను ఒప్పించుకుని రమ్మనలేదు. చేస్తాం అన్నాం. ఆ మాట మీద నిలబడేలా మా కోసం ప్రార్థించండి. మీ సంఘంలోనూ ఇదే ప్రశ్న అడగండి.