బుడుబుంగ పిల్లలు

పిల్లలూ, ఈ నెల మనం చెరువుగట్టుకు పోదాం.

వినాయక చవితి సెలవులకు మనవడు బాబూ, మనవరాలు చిట్టీ మా ఊరు వచ్చారు. వానలు బాగా కురిసి చెరువు నిండుగా ఉంది. పొద్దు పొడవగానే ముగ్గురం బయలుదేరాం. గట్టు దిగువన తుంగలోనుంచి ఎవరో కిలకిల నవ్వినట్టు చప్పుడయింది.

"తాతయ్యా, బాతుపిల్ల!" అంటూ చిట్టి వేలు చూపింది.

"బాతుపిల్ల కాదమ్మా, అది పెద్ద పక్షే! దాని పేరు బుడుబుంగ. మునుగుడుకోడి అని కూడా అంటారు. ఎంత పెరిగినా జానెడున్నర ఉండదు," అన్నాను.

చూస్తూండగానే అది బుడుంగున మునిగింది. మేం లెక్క పెట్టసాగాం. పన్నెండు లెక్క పెట్టేసరికి దూరాన తేలింది. ముక్కున చిన్న చేప ఉంది. అది తిన్నగా మరో బుడుబుంగ దగ్గరికి వెళ్ళింది. అప్పుడు చూడాలి తమాషా! ఆ రెండోదాని రెక్కల సందునుంచి చారల చారల తలలు మూడు పైకి లేచాయి!

"అమ్మ వీపెక్కి కూచున్నాయి!" అని చిట్టి చప్పట్లు కొట్టబోయి ఆగింది.

"అమ్మో, నాన్నో చెప్పలేం. ఇద్దరూ పొదుగుతారు, ఇద్దరూ మోస్తారు. నాచుతో, తుంగతో నీటిమీదే తేలే గూడు కడతారు. గూడు విడిచి పోయేటప్పుడు గుడ్లమీద నాచు కప్పి మరీ వెళతారు. చూసేవాళ్ళకు అది కుళ్ళిన చెత్తకుప్పలా కనిపిస్తుంది," అన్నాను.

ఇంతలో గద్ద నీడ నీళ్ళమీద పడింది. పెద్దవి రెండూ మునిగాయి. పిల్లల్లో రెండు తుంగలోకి దూరాయి. మూడోది మాత్రం నడినీటిలో మిగిలిపోయి "పీ, పీ" అని ఏడవసాగింది. గద్ద వెళ్ళిపోయినా పెద్దవి తేలలేదు.

బాబు లాగు పైకి మడిచాడు. "పాపం తాతయ్యా! దాన్ని ఇంటికి తీసుకుపోయి పెంచుదాం!"

నేను వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. "నీ ఈడున నేనూ అలాగే చేశానురా. ఇలాంటి పిల్లనే పట్టుకొచ్చి కుండలో గుడ్డ పరిచి పెట్టాను. అన్నం మెతుకులు వేశాను. తెల్లవారి చూస్తే చచ్చిపోయి ఉంది. దానికి కావలసింది అన్నం కాదు, నీటిపురుగులు. గుడ్డ కాదు, తల్లి ఈకల వెచ్చదనం. అవి రెండూ మనం ఇవ్వలేం."

బాబు మాట్లాడలేదు.

"మరి వాళ్ళమ్మ ఎందుకు రావడం లేదు?" అంది చిట్టి.

"మనం ఇక్కడ ఉన్నాం గనక!"

ముగ్గురం చప్పుడు చెయ్యకుండా వెనక్కి నడిచి, తుమ్మచెట్టు చాటున కూచున్నాం. ఎంతసేపని! బాబు గుప్పిళ్ళు బిగించి చూస్తున్నాడు. కాస్సేపటికి తుంగ పక్కన ఒక తల పైకి లేచింది. అటూ ఇటూ చూసి పిల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల గబగబా ఈది వీపెక్కి రెక్క కింద దూరింది. బాబు ఊపిరి వదిలాడు.

ఇంటికి వస్తూ వాడు అడిగాడు: "తాతయ్యా, అవి అంత బాగా ఎలా ఈదుతాయి?"

"వాటి కాళ్ళు బాగా వెనక్కి ఉంటాయి. బాతుకున్నట్టు వేళ్ళమధ్య చర్మం ఉండదు. ఒక్కొక్క వేలికీ విడిగా వెడల్పయిన రేకులుంటాయి. అవే తెడ్లు. కాని ఆ కాళ్ళతో నేలమీద నడవడం కష్టం."

పిల్లలూ, ఒంటరిగా ఏడ్చే పక్షిపిల్ల మీకూ కనిపించవచ్చు. దిక్కులేనిదని తొందరపడి పట్టుకోకండి. ముందు దూరంగా వెళ్ళి కూచోండి. దాని తల్లి మీరు పోవడం కోసమే కాచుకుని ఉండవచ్చు.