మేనేజర్ హోదా సరే.. గంటల లెక్కేది?

ఆక్లాండ్‌లో తెలిసినవాళ్ల అబ్బాయి రెస్టారెంట్ మేనేజర్ అయ్యాడంటే అందరం అభినందించాం. ఎన్ని గంటలు పనిచేస్తున్నాడో ఎవరమూ అడగలేదు. మొన్న అడిగాను. వారానికి 60 గంటలు, జీతం 1,100 డాలర్లు. అంటే గంటకు 18.33.

న్యూజిలాండ్‌లో 2025 ఏప్రిల్ 1న కనీస వేతనం గంటకు 23.50 డాలర్లు అయింది. హోదా ఏదైనా, జీతం ఎలా మాట్లాడుకున్నా, పనిచేసిన ప్రతి గంటకూ కనీస వేతనం దక్కాల్సిందే.

"వీసా ఆయన చేతిలో ఉందన్నా" అన్నాడు. ఆ భయం నిజమే. కానీ ఫిర్యాదు చేసి, దోపిడీ జరిగిందని అధికారులు నమ్మితే, ఆ యజమానిని వదిలి వేరే పని వెతుక్కోవడానికి 2021 నుంచి ప్రత్యేక వీసా ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.. చేసిన గంటలు రోజూ రాసుకోండి. పెద్దలం మనం, యజమాని మనవాడేనన్న మొహమాటం మానేద్దాం. హోదా తర్వాత, ముందు గంటలు అడుగుదాం.