బల్లమీద బందరు రైలు



మన పామర్రు ఎంత పెద్ద కూడలో మీరెరుగుదురు. బెజవాడ రోడ్డు, బందరు రోడ్డు, గుడివాడ రోడ్డు, చల్లపల్లి రోడ్డు, నాలుగూ ఇక్కడే కలుస్తాయి. రాత్రీ పగలూ బస్సుల మోతే. కాని ఒక్క లోటు ఉంది. మన ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే గుడివాడ పోవలసిందే.

"రైలు లేని ఊళ్లో కూచుని రైలు కబుర్లేమిటి, మేష్టారూ?" అంటారేమో. ఆకలి ఉన్నవాడికే అన్నం రుచి తెలుస్తుంది. చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను గుడివాడ స్టేషనుకు తీసుకువెళితే అదే నాకు తిరనాళ్ల. ఆ సరదా నన్ను ఇంకా విడిచిపెట్టలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక బల్లమీద చిన్న స్టేషను, ఒక బండి ఉన్నాయి. రెండూ నా చేతి పనే.

ఈ సరదా మన ఒక్కరిదే కాదు. జర్మనీలో మార్క్‌లిన్ అనే బొమ్మల కంపెనీవారు 1891లో కీ ఇస్తే నడిచే రైళ్లను, వాటికి సరిపోయే పట్టాలను అమ్మకానికి పెట్టారు. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన 1920 నుంచి బొమ్మ రైళ్లు తయారు చేయించాడు. అవి ఖరీదైన వస్తువులు. మనకు అంత ఖర్చు అక్కరలేదు. అట్టముక్కలు, అగ్గిపుల్లలు, కొబ్బరి ఈనెలు, చొక్కా గుండీలు, కాస్త జిగురు ఉంటే చాలు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటుంది. అది కొలత.

కొలత లేని రైలు బొమ్మ అవుతుంది. కొలత ఉన్న రైలు నమూనా అవుతుంది. మనం ఒక లెక్క పెట్టుకుందాం. అసలు రైలులో ఒక మీటరు మన బల్లమీద ఒక సెంటీమీటరు. అంటే నమూనా అసలులో నూరో వంతన్నమాట.

ఇక పని మొదలు పెట్టండి. మన దేశంలో బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. నూరో వంతు చేస్తే దగ్గర దగ్గర 17 మిల్లీమీటర్లు. ఈ దూరాన్ని పట్టాల లోపలి అంచునుంచి లోపలి అంచుకు కొలవాలి. బయటి అంచులు కొలిచారా, చక్రాలు కింద పడతాయి! 17 మిల్లీమీటర్ల వెడల్పు గల అట్టముక్క ఒకటి కత్తిరించి చేతిలో ఉంచుకోండి. పట్టా అతికించేటప్పుడు అడుగడుగునా దానిని మధ్యలో పెట్టి చూసుకోండి. నిజం రైలుదారి మీద పనివారు కూడా ఇలాంటి కొలబద్దతోనే సరిచూస్తారు.

కొబ్బరి ఈనెలు పట్టాలవుతాయి. అగ్గిపుల్లలు స్లీపర్లవుతాయి. అసలు స్లీపరు పొడుగు రెండుం ముప్పావు మీటర్లు. కనుక పుల్లను రెండుం ముప్పావు సెంటీమీటర్లకు కోయండి. అసలు దారిలో స్లీపర్లు సుమారు 60 సెంటీమీటర్లకు ఒకటి ఉంటాయి. మీరు 6 మిల్లీమీటర్లకు ఒకటి పెట్టండి. మీటరు పొడుగు దారికి ఎన్ని పుల్లలు కావాలో మీరే లెక్క కట్టండి. ఇంట్లో అగ్గిపెట్టెలు మాయమైతే అమ్మ మిమ్మల్నే అడుగుతుంది. కాబట్టి వాడేసిన పుల్లలు ఇప్పటినుంచే దాచుకోండి.

తరువాత పెట్టె. మద్రాసు పెరంబూరులో 1955లో మొదలైన కర్మాగారంలో తయారైన పెట్టెలు మన రైళ్లకు చాలాకాలం ఆధారం. వాటి పొడుగు సుమారు 21 మీటర్ల 30 సెంటీమీటర్లు. వెడల్పు మూడుంబావు మీటర్లు. పట్టామీద నుంచి ఎత్తు నాలుగు మీటర్లు. మీ అట్టపెట్టె కొలతలు నోటితోనే చెప్పగలరు కదూ? చక్రాలకు తొమ్మిది మిల్లీమీటర్ల చిన్న గుండీలు సరిపోతాయి.

మరి బెజవాడనుంచి బందరు దాకా దారంతా చెయ్యవచ్చునా? ఆ దారి పొడుగు సుమారు 80 కిలోమీటర్లు. నూరో వంతంటే 800 మీటర్లు! మీ ఇల్లు కాదు, మీ వీధి కూడా చాలదు. అందుకే ఒక్క స్టేషను ఎంచుకోండి. గుడ్లవల్లేరు గాని, కవుతరం గాని, పెడన గాని, చిలకలపూడి గాని, మీకు దగ్గరగా ఉన్నది ఏదైనా సరే. పెద్దవారిని వెంట తీసుకుని వెళ్లండి. స్టేషను మాస్టరుగారి అనుమతి అడగండి. ప్లాట్‌ఫారం మీదనే నిలబడి అడుగులతో కొలవండి. పట్టాల మీదికి మాత్రం దిగకండి. పైన కరెంటు తీగెలు కూడా ఉన్నాయి. కర్రలతో, గాలిపటాలతో వాటి దాపులకు పోకండి. నమూనా మళ్లీ చేసుకోవచ్చును. ప్రాణం మళ్లీ రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. స్టేషను కట్టారు సరే, అది ఏ సంవత్సరపు స్టేషను? ఈ ప్రశ్న వేసుకున్నారంటే మీరు చరిత్రలో అడుగు పెట్టారన్నమాట.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. బెజవాడకు నిజాంవారి రైలుదారి 1889లో వచ్చింది. మన బందరు లైను 1908 నాటిది. అప్పటిదాకా ఈ డెల్టాలో బరువులు మోసినవి ముఖ్యంగా కాలువ పడవలు, ఎడ్లబళ్లు. 1928 నాటికి గుడివాడనుంచి భీమవరానికి కూడా రైలుదారి పడింది. అయితే ఇవి మొదట మీటర్ గేజి దారులు. అంటే పట్టాల మధ్య దూరం సరిగా ఒక మీటరే. మద్రాసు, కలకత్తా వైపు పోయే పెద్దదారి బ్రాడ్ గేజి.

దీనివల్ల వచ్చిన చిక్కేమిటో మీ బల్లే చెబుతుంది. 17 మిల్లీమీటర్ల దారి పక్కన 10 మిల్లీమీటర్ల దారి ఒకటి వెయ్యండి. ఒక దారి బండిని రెండో దారి మీద పెట్టి చూడండి. నిలవదు! అందుచేత గుడివాడనుంచి వచ్చిన బియ్యపు బస్తాలను మద్రాసు, కలకత్తా వైపు పంపాలంటే బెజవాడలో దించి, మోసి, వేరే పెట్టెలకు ఎక్కించవలసి వచ్చేది. కూలీ ఖర్చు, కాలం ఖర్చు, చిరిగిన బస్తాల్లోంచి గింజల నష్టం. విజయవాడ, గుడివాడ, భీమవరం దారిని 1959-63 మధ్య బ్రాడ్ గేజికి మార్చాక ఈ చిక్కు తీరింది. బందరు వైపు పట్టాలు కూడా అలాగే వెడల్పయ్యాయి.

పిల్లలూ, ఇక్కడ మీకు నా తప్పు ఒకటి చెప్పాలి.

ఇరవై ఏళ్ల కిందట గుడ్లవల్లేరు దగ్గర ఒక తాతగారు ఉండేవారు. పడుచుతనంలో పట్టాలు మార్చే పనిలో కూలికి వెళ్లినవారు. ఒకసారి బస్సులో పక్కన కూచుని, పాత స్లీపర్లు ఎలా తీశారో చేతులతో చూపించారు. ఆ అరచేతులు రంపపు పొట్టులా గరుకుగా ఉన్నాయి. "ఇంటికి రండి మేష్టారూ, కూచుంటే రోజంతా చెబుతాను" అన్నారు. "పరీక్షలు కానివ్వండి తాతగారూ, పిల్లలను వెంటబెట్టుకు వస్తాను" అన్నాను. పరీక్షలయ్యాయి. తరువాత పేపర్లు దిద్దాను. తరువాత ఇంట్లో పెళ్లి వచ్చింది. చివరికి మేము నోటు పుస్తకాలు పట్టుకుని వెళ్లేసరికి ఆయన పోయి పదకొండు రోజులైంది. పెద్దకర్మకు వచ్చిన బంధువులు మాకు మంచినీళ్లిచ్చి కూచోబెట్టారు. మేము పుస్తకాలు తెరవకుండానే తిరిగి వచ్చాము.

తేదీలు గ్రంథాలయంలో దొరుకుతాయి. ఆ చేతులు చెప్పే సంగతి ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. ఇన్నేళ్లు బడిలో "రేపటి పని నేడే చెయ్యండి" అని చెప్పిన నేను ఆ పాఠం అక్కడ నేర్చుకున్నాను.

అందుకని మీరు ఆలస్యం చెయ్యకండి. మీ తాతగారినో, అమ్మమ్మగారినో, వీధి చివర పెద్దాయననో అడగండి. "మొదటిసారి రైలు ఎప్పుడెక్కారు? ఎవరితో? చేతిలో ఏం పట్టుకెళ్లారు? టిక్కెట్టు ఎలా ఉండేది?" గట్టి అట్టతో చేసిన చిన్న టిక్కెట్టు సంగతి తప్పక వస్తుంది. సంవత్సరం గుర్తు లేదంటే విసుక్కోకండి. "దివిసీమ ఉప్పెనకు ముందా, తరువాతా?" అని అడగండి. 1977 నవంబరు 19 నాటి ఆ ఉప్పెనను మన ప్రాంతంలో పెద్దవారెవరూ మరిచిపోలేదు. "మీ పెళ్లికి ముందా?" అన్నా సరే. చెప్పింది చెప్పినట్టు వారి మాటల్లోనే రాయండి. చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు, మీరు రాసుకున్న తేదీ కింద వేయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి. తరువాత మూడోవారిని అడగండి. చరిత్రకారులు చేసే పని అదే.

పెద్దలకు ఒక మనవి. పిల్లవాడు అగ్గిపుల్లలు ఏరుకుంటుంటే "చదువు మానేసి ఇదేం పని?" అని కోప్పడకండి. ఆ పుల్లల్లో దశాంశాలు ఉన్నాయి, భూగోళం ఉంది. మీ నాన్నగారి జ్ఞాపకం కూడా ఉంది. వీలైతే ఒక ఆదివారం గుడివాడలో బండెక్కించి బందరు దాకా తీసుకువెళ్లండి. దారిపక్క కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టమనండి.

మా బల్లమీద స్టేషనులో ఒక చిన్న అట్టబొమ్మ ఉంది. తలపాగా చుట్టుకుని, చేతిలో గునపం పట్టుకుని పట్టా పక్కన నిలబడి ఉంటుంది. అది ఎవరని చూడవచ్చిన పిల్లలు అడుగుతారు. నాకు తెలిసిన నాలుగు మాటలూ చెబుతాను. ఆ నాలుగే నా దగ్గర ఉన్నాయి. మీరు ఈ ఆదివారమే వెళ్లి అడిగితే మీ దగ్గర నలభై ఉంటాయి.